‘సెట్’ సంసారం

(డిగ్రీ విద్యార్థులు, భాషా ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగానికి రాతప్రతి)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇంగ్లీషు మేష్టారు మాట్లాడతాడంటే ముందు వరస ఖాళీ కావడం ఇవాళ కొత్త కాదు.

నాకిచ్చిన గంటసేపూ ఒకే ఒక్క మాట గురించి మాట్లాడతాను. ఎస్, ఈ, టీ. సెట్. మీలో ఎవరికీ తెలియని మాట కాదు. “అక్కకి పెళ్లి సెట్టయింది.” “ఆ షర్టు నీకు సెట్ కాలేదురా.” “ఫోన్ ఒకసారి రీసెట్ కొట్టు.” “వాడికి బెంగళూరులో జాబ్ సెట్టయిందట.” ఇంగ్లీషు ముక్క రాదని చెప్పుకునే పెద్దావిడ కూడా “ఆ డాక్టరు మందు నాకు సెట్టవలేదమ్మా” అంటుంది. మనం ఇంత ధారాళంగా వాడే మాటని పరీక్ష పేపర్లో చూస్తే మాత్రం మన పిల్లలు తడబడతారు. ఎందుకని?

ముందు ఈ మాట ఎంత పెద్దదో చెప్పాలి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ అని ఒక మహా నిఘంటువు ఉంది. మొదటి భాగం 1884లో అచ్చయింది, చివరి భాగం 1928లో. మధ్యలో 44 ఏళ్లు. రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. ఆ 20 సంపుటాల్లోకీ పొడుగాటి ఆరోపం, అంటే ఒక మాట కింద ఇచ్చే వివరణ అంతా, ఏ మాటది అంటే, ఈ మూడక్షరాల సెట్ అనే క్రియది. క్రియకే 430 అర్థాలు. అప్, ఆఫ్, అవుట్, ఇన్ లాంటివి తగిలించుకుని వచ్చే అర్థాలూ జాతీయాలూ కూడా కలుపుకుంటే 580. ఆ ఒక్క మాటని వివరించడానికి 60,000 మాటలు పట్టాయి. అంటే ఒక నవలంత.

తర్వాత ఆ పట్టం పోయిందనుకోండి. మూడో కూర్పు పని మొదలయ్యాక మాటలన్నీ మళ్లీ తిరగరాస్తూ వస్తున్నారు. 2000లో మేక్ పొడుగైంది, 2007లో పుట్ దాన్ని దాటింది, 2011లో రన్ వచ్చి అన్నిటినీ దాటేసింది. రన్ క్రియకి 645 అర్థాలు. పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు ఆ ఒక్క మాట మీదే తొమ్మిది నెలలు పనిచేశాడు. మన సిలబస్ పూర్తి చేయడానికి కూడా అంత టైము ఇవ్వరు. (నవ్వులు)

ఈ అంకెలు వినగానే “అమ్మో, ఇన్ని అర్థాలు ఎలా గుర్తుపెట్టుకుంటారు?” అని భయం వేస్తుంది. ఎవరూ గుర్తుపెట్టుకోరు. అంకెని చూసి బెదిరిపోవద్దు. అర్థాలు ఎన్ని అన్నది నిఘంటువు రాసేవాడు ఎంత సన్నగా తరిగాడన్నదాని మీద ఆధారపడుతుంది. మన పెట్టు అనే క్రియని తీసుకోండి. అన్నం పెట్టు, పేరు పెట్టు, బొట్టు పెట్టు, ముద్దు పెట్టు, కేసు పెట్టు, మొర పెట్టు, పందెం పెట్టు, గుడ్డు పెట్టు. పరాయి దేశం వాడు వచ్చి ఇది చూస్తే గుండె బాదుకుంటాడు. మీరెవరైనా వీటిని జాబితా వేసుకుని బట్టీ పట్టారా? లేదు. ఒక వస్తువుని ఒక చోటికి చేర్చడం అనే పని మనసులో ఉంది. మిగతావన్నీ దానిలోంచి వాటంతటవే మొలిచాయి. సెట్ కూడా అంతే. దాని అసలు పని ఏమిటో పట్టుకుంటే చాలావరకు దారి దొరుకుతుంది.

ఆ అసలు పని ఏమిటి? కూర్చోబెట్టడం. పాత ఇంగ్లీషులో సిట్టన్ అంటే కూర్చోవడం, సెట్టన్ అంటే కూర్చోబెట్టడం. అచ్చు మార్చితే ప్రేరణార్థకం. మన తెలుగు వ్యాకరణంలో ప్రేరణార్థక క్రియలు చదువుకున్నవాళ్లకి ఇది వెంటనే అందుతుంది. దిగు, దించు. ఎక్కు, ఎక్కించు. మునుగు, ముంచు. తిను, తినిపించు. మనకి ఈ పద్ధతి ఇప్పటికీ బతికే ఉంది, కొత్త మాటలక్కూడా పనిచేస్తుంది. ఇంగ్లీషులో మాత్రం అది ఎప్పుడో ఆగిపోయింది, కొన్ని జంటలు మాత్రం మిగిలాయి. లై అంటే పడుకోవడం, లే అంటే పడుకోబెట్టడం. ఫాల్ అంటే పడటం, ఫెల్ అంటే పడేయడం, చెట్టుని నరికి పడేసినప్పుడు ఈ మాట వాడతారు. డ్రింక్ అంటే తాగడం, డ్రెంచ్ అంటే ఒకప్పుడు తాగించడం, ఇప్పుడు నిలువునా తడిపేయడం. సిట్, సెట్ ఆ కుటుంబంలోవే. లై, లే విషయంలో ఇంగ్లీషువాళ్లే తడబడతారు. సిట్, సెట్ కూడా పల్లెటూరి ఇంగ్లీషులో కలగాపులగం అయ్యాయి. అమెరికా దక్షిణాదిలో పాతకాలం వాళ్లు ఇంటికొచ్చిన చుట్టాన్ని “కాసేపు సెట్ అవ్వండి” అనే అంటారు, కూర్చోండి అని.

ఇప్పుడు ఈ కూర్చోబెట్టడం అనే పనిని మనసులో పెట్టుకుని చూడండి. సముద్రం మీద గాలికి తగ్గట్టు తెరచాప కూర్చోబెడితే సెట్ సెయిల్. గడియారం ముల్లుని సరైన అంకె మీద కూర్చోబెడితే సెట్ ద క్లాక్. ధరని ఒక చోట నిలబెడితే సెట్ ద ప్రైస్. విరిగిన ఎముకని దాని స్థానంలో కూర్చోబెట్టి కట్టు కడితే సెట్ ద బోన్, ఆ పని చేసేవాడు బోన్‌సెటర్. చిత్తూరు వైపు వాళ్లకి పుత్తూరు కట్టు గురించి చెప్పక్కర్లేదు. ప్రశ్నపత్రం తయారుచేస్తే పేపర్ సెట్ చేయడం, చేసినవాడు పేపర్ సెట్టర్. ఈ హాల్లో ముగ్గురు నలుగురు ఉన్నట్టున్నారు, పిల్లలు వాళ్లని అలా చూడకండి. (నవ్వులు) పొద్దంతా ఆకాశంలో తిరిగిన సూర్యుడు చివరికి దిగి కూర్చుంటే సన్ సెట్స్. మనం పొద్దు వాలింది అంటాం, పొద్దు గుంకింది అంటాం. ఇంగ్లీషువాడు పొద్దుని కూర్చోబెట్టాడు.

ఒక చోట మాత్రం నేను కాస్త ఆగుతాను. కోడిపెట్టని గుడ్ల మీద కూర్చోబెట్టడాన్ని ఇంగ్లీషులో సెట్ ఎ హెన్ అంటారు. ఉంగరంలో రాయిని కూర్చోబెట్టడాన్ని కూడా సెట్ అనే అంటారు, ఆ రాయిని పట్టుకునే బంగారు గూటిని సెట్టింగ్ అంటారు. మరి మనం? కోడి గుడ్లు పొదుగుతుంది. కంసాలి రాళ్లు పొదుగుతాడు. చూశారా, కోడికీ కెంపుకీ ఏ సంబంధమూ లేకపోయినా ఇంగ్లీషు ఏ మలుపు తిరిగిందో తెలుగూ అదే మలుపు తిరిగింది. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నది కాదు. ఒక గుండ్రటి గూట్లో ఒదిగి కదలకుండా ఉండటం అనే దృశ్యం ఇద్దరికీ ఒకేలా తోచింది. రెండు భాషలు చదివేవాడికి ఇలాంటివి దొరికినప్పుడు కలిగే సంతోషం మార్కుల్లో రాదు.

సంస్కృతం చదివినవాళ్లు ఇక్కడున్నారు కాబట్టి ఇంకొంచెం లోతుకి వెళదాం. ఇంగ్లీషు, సంస్కృతం, లాటిన్ ఒకే మూల భాషలోంచి చీలినవని మీకు తెలుసు. కూర్చోవడం అనే అర్థమున్న ఆ మూల ధాతువు సంస్కృతంలో సద్ అయింది. “షద్లృ విశరణగత్యవసాదనేషు” అని ధాతుపాఠం. ఆ సద్ లోంచి వచ్చిందే సదస్సు, నలుగురూ కూర్చునే చోటు. పరిషత్తు అంటే చుట్టూ కూర్చున్నవాళ్లు. ఉపనిషత్తులో ఉన్నదీ ఆ ధాతువే. ప్రసన్నం, ప్రసాదం కూడా దాని పిల్లలే. బిందెలో నీళ్లు కదిలించకుండా ఉంచితే మన్ను అడుక్కి దిగి పైన నీరు తేటపడుతుంది కదా, ఆ తేటదనమే ప్రసన్నత. అడుక్కి దిగిన ఆ మడ్డిని ఇంగ్లీషులో సెడిమెంట్ అంటారు, అది లాటిన్ వైపు నుంచి వచ్చిన చుట్టం. మనసు అడుక్కి కుంగిపోతే విషాదం. పక్షి దిగి కూర్చునే చోటు సంస్కృతంలో నీడం, ఇంగ్లీషులో నెస్ట్, ఇవి రెండూ ఒకే మాట. అధ్యక్షస్థానంలో ముందు కూర్చునేవాడు ప్రెసిడెంట్. కోర్టు కూర్చుంటే సెషన్. న్యాయాధికారి పక్కన కూర్చుని పన్ను ఎంతో లెక్కగట్టేవాడి దగ్గర్నుంచి అసెస్‌మెంట్ అనే మాట పుట్టింది. మన తల్లిదండ్రులకి ప్రాణప్రదమైన ఇంకో మాట కూడా ఇక్కడిదే. “మావాడు సెటిలయ్యాడండీ.” పాత ఇంగ్లీషులో సెట్ల్ అంటే కూర్చునే పీట. అంటే అబ్బాయికి పీట దొరికిందన్నమాట.

తెలుగు మాత్రం ద్రావిడ భాష. కూర్చొను, పెట్టు, పొదుగు వీటితో చుట్టాలు కావు. సదస్సు, ప్రసాదం మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. చుట్టరికాలు కలపడం మొదలుపెడితే కొందరు ఉత్సాహంలో అన్నిటినీ కలిపేస్తారు, అందుకే ఈ మాట చెప్పాల్సి వచ్చింది. శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం కాదు. అసెట్ అంటే ఆస్తి, దానికీ సెట్‌కీ సంబంధం లేదు. అది సరిపడా అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాటలోంచి వచ్చింది. క్యాసెట్ అంటే చిన్న పెట్టె, అందులోని సెట్ కూడా ఇది కాదు. ఇక మన ఐసెట్, ఎడ్‌సెట్, లాసెట్ సంగతి సరేసరి. అవి కామన్ ఎంట్రన్స్ టెస్టుకి పొట్టిపేర్లు. పేపర్లలో “సెట్ల షెడ్యూలు విడుదల” అని వేస్తే అవి టీ సెట్లు కావని మే నెలలో పుట్టిన పిల్లాడికి కూడా తెలుసు. (నవ్వులు)

టీ సెట్ అన్నాను కదా. ఇక్కడో మెలిక ఉంది. టీ సెట్‌లోని సెట్, సన్‌సెట్‌లోని సెట్ ఒకే మాట కాదు. ఇన్నాళ్లూ ఒకటే అనుకున్నారు కదా? పుట్టుక వేరు. గుంపు అనే అర్థమిచ్చే సెట్ పాత ఫ్రెంచిలోని సెత్ నుంచి, అది లాటిన్ సెక్తా నుంచి వచ్చింది. ఒక గురువు వెంట నడిచేవాళ్ల గుంపు. దానికి మూలం వెంట వెళ్లడం అనే క్రియ. ఇంగ్లీషులో సెక్ట్ అన్నా, సీక్వెన్స్ అన్నా, సీక్వెల్ అన్నా అదే ఇంటివాళ్లు. సంస్కృతంలో దానికి సమానమైన ధాతువు సచ్, తోడుగా ఉండటం. దాన్లోంచి వచ్చినవాడు సచివుడు. కాబట్టి మీ ఊరి సచివాలయానికీ మీ ఇంట్లో అద్దాల బీరువాలో వాడకుండా దాచిన టీ సెట్టుకీ దూరపు చుట్టరికం ఉంది. ఇంగ్లీషులోకి వచ్చాక ఈ గుంపు సెట్టు, ఆ కూర్చోబెట్టే సెట్టు పక్కపక్కనే బతికి ఒకదాని రంగు ఒకటి పూసుకున్నాయి. ఉచ్చారణ ఒకటే, స్పెల్లింగు ఒకటే. ఇక విడదీసి చూసే అవసరం మామూలు మనిషికి లేకపోయింది.

హోటల్లో సెట్ దోస ఏ ఇంటిది? రెండు మూడు దోసెలు జట్టుగా ఇస్తారు, కాబట్టి గుంపు ఇంటిది. నెక్లెస్ సెట్, డిన్నర్ సెట్ అంతే. సినిమా సెట్? అది కూర్చోబెట్టే ఇంటిది. రంగస్థలం మీద ఇల్లో, కోటో, అడవో అమర్చి పెట్టడం. మన సినిమా విలేకరులు “త్వరలో సెట్స్ మీదకు వెళ్లనుంది” అని రాస్తారు చూడండి, షూటింగు ఏ పొలం గట్టు మీద జరిగినా సరే సెట్స్ మీదకే వెళుతుంది. టెన్నిస్ సెట్? వరసగా ఆడే ఆటల గుంపు. 2010 వింబుల్డన్‌లో జాన్ ఇస్నర్, నికొలా మహూ ఆడిన మ్యాచ్‌లో చివరి సెట్ 70-68తో ముగిసింది. మ్యాచ్ మొత్తం 11 గంటల 5 నిమిషాలు, మూడు రోజులు సాగింది. ఒకదాని వెంట ఒకటి అనే అర్థానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. వాలీబాల్లో మాత్రం రెండు ఇళ్లూ ఒకే కోర్టులో ఉన్నాయి. 25 పాయింట్ల సెట్ గుంపు ఇంటిది, బంతిని వల పక్కన కొట్టేవాడికి అనువుగా లేపిపెట్టే సెట్టర్ కూర్చోబెట్టే ఇంటివాడు.

లెక్కల వాళ్లు ఉంటే కోపగించుకోవద్దు, మీ సెట్ గురించి రెండు ముక్కలే. పదో తరగతిలో సమితులు అని చదివారు. జర్మనీలో గెయోర్గ్ కాంటర్ 1870ల్లో మొదలుపెట్టిన శాస్త్రం. అందులో టీ కప్పుల్లాగా ఒకదానికొకటి నప్పాల్సిన పని లేదు. మామిడిపండునీ మంగళవారాన్నీ కలిపినా సమితే. ఏమీ లేకపోయినా సమితే, శూన్య సమితి. ఒక్క కప్పు కూడా లేని టీ సెట్టు అమ్మితే కొట్టువాణ్ణి తంతాం, లెక్కల్లో మాత్రం దానికో గుర్తు కూడా ఇచ్చారు. నార్వే అక్షరమాలలోని ఒక అక్షరాన్ని తెచ్చి ఆంద్రే వెయ్ ఆ గుర్తుగా పెట్టాడు.

గట్టిపడటం అనే అర్థానికి వద్దాం. జెల్లీ సెట్ అవుతుంది, పెరుగు ప్యాకెట్ మీద సెట్ కర్డ్ అని ఉంటుంది, సిమెంట్ సెట్ అవుతుంది. ఇందులో కూర్చోవడం ఎక్కడుంది అంటారేమో. కదిలేది కదలకుండా కూర్చుంది, అదే. మన మేస్త్రీలు దీన్ని ఎంత కచ్చితంగా వాడతారో గమనించండి. “సెట్టయింది కానీ ఇంకా గట్టిపడలేదు, కాలు పెట్టకండి” అంటారు. ఇంజనీరింగు పుస్తకం చెప్పేదీ అదే. సెట్టింగ్ వేరు, హార్డెనింగ్ వేరు. మామూలు సిమెంట్ నీళ్లు కలిపిన అరగంట లోపు సెట్ కావడం మొదలవకూడదు, పది గంటల్లోపు పూర్తిగా సెట్ కావాలి అని మన దేశంలో ప్రమాణం ఉంది. బలం మాత్రం 28 రోజుల నాటికి చూస్తారు. సిమెంటు తయారీలో కాస్త జిప్సం కలిపేది కూడా ఇందుకే, అది లేకపోతే తాపీ మేస్త్రీ చేతిలో ఉండగానే బిగుసుకుపోతుంది.

అప్, ఆఫ్, ఇన్, బ్యాక్ లాంటి తోకలు తగిలించిన సెట్లు ఇంకో ఊరు. అన్నీ తిరగలేం. రెయిన్ సెట్ ఇన్ అంటే మన ముసురు పట్టింది. వాన వచ్చి పీట వేసుకు కూర్చుంది, ఇప్పట్లో లేవదు అని. సెట్‌బ్యాక్ అంటే రాజకీయ నాయకుడికి ఎదురుదెబ్బ. ఇల్లు కట్టుకునేవాడికి గోడకీ హద్దుకీ మధ్య వదలాల్సిన ఖాళీ స్థలం. వదలకపోతే మున్సిపాలిటీ నుంచి నోటీసు వస్తుంది, అప్పుడు అతనికి రెండు రకాల సెట్‌బ్యాకూ తెలుస్తుంది. ఆఫ్‌సెట్ అంటే మన ప్రెస్సులవాళ్లు చెబుతారు. సిరా ప్లేటు మీంచి నేరుగా కాగితం మీదికి రాదు, మధ్యలో రబ్బరు దుప్పటి మీదికి దిగి అక్కణ్ణించి కాగితానికి అంటుతుంది. పుల్లటివి తింటే పళ్లు జివ్వుమనడాన్ని సెట్ వన్స్ టీత్ ఆన్ ఎడ్జ్ అంటారు. బైబిల్లో తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయి అనే సామెత దగ్గర ఈ మాట ఉంది. మనకి పళ్లు పులవడం చింతకాయతో తెలుసు కాబట్టి అర్థం చెప్పనక్కర్లేదు.

సెటప్ గురించి ఎక్కువ చెబితే ప్రిన్సిపాల్ గారు ఊరుకోరు. “వాడికి టౌన్లో ఇంకో సెటప్ ఉంది” అంటే చిన్నిల్లు. (నవ్వులు) ఇంగ్లీషువాడికి ఆ అర్థం అసలు తెలియదు, అది పూర్తిగా మన సొంత ఆస్తి.

ఆ సొంత ఆస్తి సంగతే ఇప్పుడు ముఖ్యం. నేను ఇవాళ చెప్పదలచుకున్నది అసలు ఇదే. “ఈ రంగు నీకు సెట్ కాలేదు.” ఇంగ్లీషులో సెట్ అనరు, సూట్ అంటారు. “ఉద్యోగం సెట్టయింది.” ఇంగ్లీషులో జాబ్ సెట్ అంటే ఎవరికీ అర్థం కాదు. “ఆ పిల్లకీ వీడికీ సెట్టయింది.” చచ్చినా అనరు. “మందు సెట్టవలేదు.” అదీ అనరు. అంటే ఇంగ్లీషులో 430 అర్థాలు సరిపోక మనం ఇంకొన్ని చేర్చామా? కాదు. మనం వాడుతున్నది ఇంగ్లీషు చొక్కా తొడుక్కున్న ఒక తెలుగు మాట. ఆ మాట పేరు కుదురు.

కుండ కింద గడ్డితో చుట్టి పెట్టే చుట్టని కుదురు అంటారు. నీళ్ల బిందె నెత్తిన పెట్టుకునేటప్పుడు కింద పెట్టుకునే గుడ్డ చుట్ట చుట్టకుదురు. అడుగు గుండ్రంగా ఉన్న కుండ నేల మీద ఒరిగిపోకుండా ఆ కుదురు పట్టుకుంటుంది. దాన్లోంచే మిగతావన్నీ. కుదురుగా కూర్చో. పెళ్లి కుదిరింది. బేరం కుదిరింది. పని కుదిరింది. జ్వరం కుదిరింది అని పాతవాళ్లు అనేవారు, తగ్గిందని. వాడి తిక్క కుదిరింది, ఇది మాత్రం ఇంకా బాగానే వాడుకలో ఉంది. పాటకి రాగం కుదరలేదు. నాకు ఇవాళ రావడం కుదరదు. ఇప్పుడు వీటిలో కుదిరింది తీసి సెట్టయింది పెట్టి చూడండి. పెళ్లి సెట్టయింది, బేరం సెట్టయింది, జాబ్ సెట్టయింది, మందు సెట్టవలేదు, నాకు సెట్ కాదు. ఒక్కటీ బెసగదు. కుదురు కూర్చున్న కుర్చీలోనే సెట్ వచ్చి కూర్చుంది. ఇంగ్లీషు నుంచి మనం శబ్దాన్ని తెచ్చుకున్నాం, అర్థాల సంసారం మొత్తం మన ఇంటిదే. రెంటికీ పునాది ఒకటే దృశ్యం కాబట్టి, అంటే కదిలేదాన్ని దాని చోట కూర్చోబెట్టడం కాబట్టి, ఈ అంటు బాగా అతుక్కుంది.

భాష చెడిపోయిందని గుండెలు బాదుకునేవాళ్ల పక్షం కాదు నేను. కానీ ఒక నష్టం ఉంది, అది కూడా చెప్పాలి. కుదురు క్రియగా, నామంగా, విశేషణంగా అన్నిటికీ పనికొచ్చేది. కుదిర్చాడు, కుదుర్చుకున్నారు, కుదురైన పిల్ల, కుదురులేని మనిషి. సెట్‌కి ఆ కాళ్లు లేవు. అవు, చేయి అనే రెండు కర్రలు పట్టుకుని నడవాలి. సెట్ అయింది, సెట్ చేశారు. “ఒప్పందం కుదుర్చుకున్నారు” అన్నప్పుడు ఆ ఒక్క మాటలో ఇద్దరూ తమ కోసం తాము చేసుకున్నారన్న సంగతి ఉంది. “డీల్ సెట్ చేశారు” అంటే ఎవరు ఎవరికి చేశారో వేరే చెప్పాలి.

ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకి రెండు పనికొచ్చే ముక్కలు. ఒకటి, సెట్‌కి భూతకాలమూ సెట్టే. సెట్టెడ్ అని రాయకండి. పాత ఇంగ్లీషులో భూతకాలానికి సెట్టె అని చివర అచ్చు ఉండేది, వాడగా వాడగా అరిగిపోయింది. పుట్, కట్, హిట్, షట్ ఇవన్నీ అలాంటివే. కాబట్టి హీ సెట్ ద టేబుల్ అని కనబడితే, చివర ఎస్ లేదు కనక అది నిన్నటి సంగతి. రెండు, తెలుగులో సెట్టయింది అనిపించిన ప్రతిచోటా ఇంగ్లీషులో సెట్ వేయకండి. ముందు దాన్ని మనసులో కుదిరింది అని మార్చుకోండి, అప్పుడు ఏం కుదిరింది, ఎలా కుదిరింది అని అడగండి. బట్ట నప్పిందా, కొలత సరిపోయిందా, ఉద్యోగం దొరికిందా, ముహూర్తం ఖాయమైందా? ఒక్కోదానికి ఇంగ్లీషులో ఒక్కో మాట ఉంది. సూట్, ఫిట్, గెట్, ఫిక్స్. మనం ఒకే కుదురు మీద పెట్టిన కుండల్ని వాళ్లు వేరువేరు అరల్లో సర్దుకున్నారు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. ఆ, చివరి వరసలో అమ్మాయి.

సెటప్ బాక్స్ అనడం తప్పా అని అడుగుతోంది. పెట్టె మీద రాసి ఉన్నది సెట్ టాప్ బాక్స్. టీవీ సెట్ పైన పెట్టే పెట్టె అని. టీవీ సెట్ అనడం ఎందుకంటే, రేడియో కొత్తలో రిసీవరు, బ్యాటరీ, స్పీకరు అన్నీ కలిపి ఒక సెట్టు. టీవీ వచ్చినా ఆ పేరు పోలేదు. ఇప్పుడు టీవీలు పలకల్లాగా గోడకి అంటుకున్నాయి, వాటి మీద పెట్టె పెడితే కింద పడుతుంది. అది ఇప్పుడు కిందో పక్కనో ఉంటుంది. టాప్ అనే మాటకి అర్థం పోయాక జనం దాన్ని అప్ చేసేశారు, నాకైతే అందులో న్యాయం కనిపిస్తోంది. రాతపరీక్షలో మాత్రం సెట్ టాప్ అని రాయి తల్లీ.

ఇంకెవరైనా? మేష్టారూ, మీరు. ఒక విద్యార్థి “మై సిస్టర్స్ మ్యారేజ్ ఈజ్ సెట్” అని రాశాడట, మార్కు వేయాలా వద్దా అని అడుగుతున్నారు. డేట్ ఈజ్ సెట్ అంటే దివ్యమైన ఇంగ్లీషు, తేదీని క్యాలెండరులో కూర్చోబెట్టారు. మ్యారేజ్ ఈజ్ ఫిక్స్‌డ్ అన్నది మన దేశంలో చెల్లుతుంది, లండన్‌లో కాస్త వింతగా చూస్తారు. అక్కడ పెళ్లిని కుటుంబాలు కుదర్చవు కాబట్టి ఆ పనికి వాళ్ల దగ్గర సూటిగా మాట లేదు, ఎంగేజ్డ్ అని అమ్మాయి, అబ్బాయి వైపు నుంచి చెబుతారు. మీవాడు తెలుగులో ఆలోచించి రాశాడు. అర మార్కు వేసి, పక్కన డేట్ అని ఎర్ర ఇంకుతో రాయండి.